సంతకం ఒక్కటే చాలదు.. చెప్పి చేస్తేనే రక్ష
శస్త్రచికిత్స ముప్పుపై ముందే ఒక మాట.. వివాదాలకు అదే అడ్డుకట్ట

ఉదయం ఏడు గంటలకు ఆపరేషన్. ముందురోజు రాత్రి పది దాటాక నర్సు రెండు కాగితాలు తెచ్చి మంచం పక్కన నిలబడుతుంది. ‘ఇక్కడొకటి, కింద ఒకటి సంతకం పెట్టండి’ అంటుంది. కాగితం ఇంగ్లిషులో ఉంటుంది. ఆపరేషన్ పేరు రాయవలసిన చోటు ఖాళీగా ఉంటుంది. కొడుకో, అల్లుడో సంతకం చేస్తాడు. చదువు రాని తల్లి అయితే వేలిముద్ర వేస్తుంది. ‘ఏమైనా అవుతుందా?’ అని అడిగితే, ‘ఏం కాదమ్మా, డాక్టరు గారు రోజూ చేసేదే’ అన్న సమాధానం వస్తుంది. అంతటితో ‘అంగీకారం’ పూర్తయినట్లే.

జిల్లా కేంద్రాల్లోని ఆసుపత్రుల వీధుల్లో ఈ దృశ్యం అరుదైనదేమీ కాదు. శస్త్రచికిత్స సవ్యంగా ముగిస్తే ఆ కాగితాన్ని ఎవరూ మళ్లీ తెరచి చూడరు. వికటిస్తే మాత్రం మొదట బయటికి వచ్చేది అదే. ‘సంతకం పెట్టారు కదా’ అని ఆసుపత్రి వర్గాలు, ‘ఇలా అవుతుందని ఒక్క మాటైనా చెప్పారా’ అని బంధువులు వాదులాడుకుంటారు. ఆ తరువాత ఆసుపత్రి ముందు బైఠాయింపు, పోలీసుల రాక, పెద్దమనుషుల పంచాయితీ, మరికొన్నిచోట్ల పగిలిన అద్దాలు. వైద్యులపైనా, ఆసుపత్రులపైనా దాడులను అరికట్టేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చింది.

ఈ గొడవలన్నింటికీ వైద్యుడి పొరపాటే మూలం కాదు. ఎంత నిపుణుడు చేసినా, ఎంత జాగ్రత్త పాటించినా ప్రతి శస్త్రచికిత్సలోనూ కొంత ముప్పు మిగిలే ఉంటుంది. ఉదాహరణకు పిత్తాశయంలో రాళ్లకు చేసే లాప్రోస్కోపీ ఆపరేషన్‌లో ప్రతి 1000 మందిలో సుమారు 3 నుంచి 5 మందికి పైత్యరస నాళం దెబ్బతింటుంది. కొందరి విషయంలో ఆపరేషన్ మధ్యలో చిన్న రంధ్రాల పద్ధతిని విడిచి, పొట్ట తెరవవలసి వస్తుంది. ఈ సంగతి ముందే తెలిసిన కుటుంబం దానిని దురదృష్టంగా భావిస్తుంది. తెలియని కుటుంబం మోసంగా భావిస్తుంది. జరిగింది ఒక్కటే. ముందు చెప్పడం, చెప్పకపోవడంలోనే తేడా.

సుప్రీంకోర్టు గీసిన గీత

అంగీకారం అంటే ఏమిటన్న ప్రశ్నకు దేశంలో స్పష్టమైన సమాధానం 2008 జనవరి 16న లభించింది. ఢిల్లీకి చెందిన 44 ఏళ్ల అవివాహిత 1995లో రక్తస్రావం సమస్యతో ఒక వైద్యురాలిని సంప్రదించారు. మత్తు ఇచ్చి లాప్రోస్కోపీ ద్వారా లోపలి పరిస్థితిని పరీక్షించేందుకు ఆమె అంగీకరించారు. ఆమె మత్తులో ఉండగానే బయట ఉన్న తల్లి నుంచి సంతకం తీసుకుని గర్భసంచిని, రెండు అండాశయాలను తొలగించారు. మెలకువ వచ్చిన తరువాతే ఆమెకు విషయం తెలిసింది.

వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. పరీక్షకు ఇచ్చిన అంగీకారం చికిత్సకు ఇచ్చినట్లు కాదని న్యాయస్థానం తేల్చిచెప్పింది. ప్రాణాపాయం లేనప్పుడు రోగికి మెలకువ వచ్చేదాకా ఆగి, ఆమెనే అడగవలసిందని స్పష్టం చేసింది. వయోజనురాలైన రోగి స్వయంగా నిర్ణయించుకోగల స్థితిలో ఉన్నప్పుడు తల్లి సంతకం ఆమె సంతకానికి ప్రత్యామ్నాయం కాజాలదని పేర్కొంది. వైద్యురాలు సదుద్దేశంతోనే వ్యవహరించారని భావిస్తూనే రూ.25 వేల పరిహారం విధించింది. శస్త్రచికిత్స రుసుము కోరే హక్కు కూడా ఆమెకు లేదని తీర్పు చెప్పింది. రోగికి మేలు చేయాలన్న తలంపు ఉన్నంత మాత్రాన అనుమతి లేని కోత సమర్థనీయం కాదన్నది ఈ తీర్పు సారాంశం.

అంగీకారం చెల్లాలంటే రోగికి ఏమేం చెప్పాలో కూడా ఆ తీర్పులోనే ఉంది. చికిత్స స్వరూపం, దాని ఉద్దేశం, ప్రయోజనం, పర్యవసానం వివరించాలి. వేరే మార్గాలు ఉంటే తెలియజేయాలి. ముఖ్యమైన ముప్పులను స్థూలంగా చెప్పాలి. చికిత్స వద్దనుకుంటే ఏమవుతుందో కూడా చెప్పాలి. అయితే లక్షలో ఒకరికి ఎదురయ్యే అతి అరుదైన ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టి రోగిని హడలెత్తించనవసరం లేదని న్యాయస్థానం మినహాయింపు ఇచ్చింది. రోగి అనవసర భయంతో అవసరమైన చికిత్సకు దూరం కాకూడదన్నది దాని ఉద్దేశం.

నిమ్స్ కేసు నేర్పిన పాఠం

ఆ తీర్పు వెలువడిన ఏడాదికే హైదరాబాద్‌కు చెందిన మరో కేసులో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని అన్వయించింది. పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో 1990 అక్టోబరులో ఇరవై ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థికి ఛాతీలోని కణితికి శస్త్రచికిత్స జరిగింది. కణితి నుంచి పరీక్షకు ముక్క తీసేందుకే అంగీకారం లభించగా, శస్త్రచికిత్సలో కణితినే తొలగించారు. అనంతరం ఆ యువకుడి రెండు కాళ్లు చచ్చుబడిపోయాయి. నడిచి ఆసుపత్రికి వెళ్లిన వాడు చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు.

వెన్నెముకకు ఆనుకుని ఉన్న కణితి అయినప్పటికీ నాడీ శస్త్రచికిత్స నిపుణుడి సహాయం ముందుగా తీసుకోలేదని న్యాయస్థానం తప్పుపట్టింది. కణితి తొలగింపునకు అంగీకారం లేదని కూడా నిర్ధారించింది. పరీక్షకు ఒప్పుకున్నారు గనుక తొలగింపునకూ ఒప్పుకున్నట్లేనన్న వాదనను తిరస్కరించింది. జాతీయ వినియోగదారుల కమిషన్ 1999లో సుమారు రూ.15 లక్షల పరిహారం ప్రకటించగా, సుప్రీంకోర్టు 2009 మే 14న దానిని రూ.కోటికి పెంచింది. శస్త్రచికిత్స జరిగిన నాటి నుంచి తుది తీర్పు వచ్చే నాటికి పద్దెనిమిదిన్నరేళ్లు గడిచాయి. ఒక యువకుడి జీవితంలోని మేలిమి కాలమంతా వ్యాజ్యంలోనే గడిచిపోయింది.

ఎంత ముప్పును చెప్పాలి?

‘నూటికి ఒకరికి వచ్చే ముప్పు చెప్పాలా? వేయికి ఒకరికి వచ్చేదీ చెప్పాలా?’ అని వైద్యులు అడుగుతుంటారు. దీనికి అంకెల్లో గీత గీయడం సాధ్యం కాదు. ఆస్ట్రేలియాలో 1992లో వెలువడిన ఒక తీర్పు ఇందుకు నిదర్శనం. దాదాపు ఒక కన్ను పోయిన మహిళ ఆ కంటికే శస్త్రచికిత్స చేయించుకున్నారు. మంచి కంటికి ఏమీ కాదు కదా అని ఆమె వైద్యుణ్ని పదేపదే అడిగారు. శస్త్రచికిత్స తరువాత ఆ రెండో కన్ను కూడా పోయింది. అలా జరిగే అవకాశం 14 వేల మందిలో ఒకరికి మాత్రమే ఉంది. ఆపరేషన్‌లో లోపం లేదని న్యాయస్థానం అంగీకరించింది. అయినా ఆ ముప్పును చెప్పనందుకు వైద్యుడిని బాధ్యుడిని చేసింది. ఉన్న ఒక్క కన్ను ఆమెకు ఎంత విలువైనదో వైద్యుడు గ్రహించవలసిందన్నది తీర్పులోని అంతరార్థం.

బ్రిటన్ సుప్రీంకోర్టు కూడా 2015లో ఇదే బాట పట్టింది. మధుమేహం ఉన్న ఒక గర్భిణికి సాధారణ కాన్పులో బిడ్డ భుజం చిక్కుకునే ముప్పు 9 నుంచి 10 శాతం ఉన్నా వైద్యురాలు చెప్పలేదు. చెబితే సిజేరియన్ కోరుకుంటారన్నదే అందుకు కారణం. బిడ్డ వైకల్యంతో పుట్టాడు. తోటి వైద్యులు సాధారణంగా ఏం చెబుతారన్నది ప్రమాణం కాదని, ఆ స్థానంలో ఉన్న రోగి ఏం తెలుసుకోగోరుతుందన్నదే ప్రమాణమని ఆ న్యాయస్థానం తీర్పు చెప్పింది. భారతీయ న్యాయస్థానాలు ఇంకా అంత దూరం వెళ్లలేదు. 2008 నాటి తీర్పే ఇక్కడ ప్రధాన ఆధారం. అయినా సంగీతం పాడేవారికి థైరాయిడ్ ఆపరేషన్ వల్ల గొంతు మారే అవకాశాన్ని, కూలి పనికి వెళ్లేవారికి హెర్నియా ఆపరేషన్ తరువాత బరువులెత్తే విషయాన్ని ప్రత్యేకంగా చెప్పవలసిన అవసరాన్ని గుర్తించడానికి ఏ తీర్పూ అక్కరలేదు.

కోర్టుకెక్కేది డబ్బు కోసమేనా?

నష్టపరిహారం ఆశతోనే కేసులు వేస్తారన్న అభిప్రాయం వైద్య వర్గాల్లో బలంగా ఉంది. బ్రిటన్‌లో వైద్యులపై న్యాయపోరాటానికి దిగిన 227 మంది రోగులు, బంధువులను ప్రశ్నించి 1994లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం మరో కోణాన్ని చూపింది. పరిహారం వారి కోరికల్లో ఒకటి మాత్రమే. అసలేం జరిగిందో తెలియాలని, బాధ్యులు సమాధానం చెప్పాలని, ఇటువంటిది మరొకరికి జరగకూడదని కూడా వారు కోరుకున్నారు.

చెప్పే మాటతోపాటు చెప్పే తీరూ ముఖ్యమే. అమెరికాలో శస్త్రచికిత్స నిపుణులు రోగులతో మాట్లాడిన సంభాషణల నుంచి పది సెకన్ల ముక్కలు తీసి, మాటలు అర్థం కాకుండా వడకట్టి, స్వరం మాత్రమే కొందరికి వినిపించారు. అధికార ధోరణి ధ్వనించిన స్వరాలు, గతంలో కేసులు ఎదుర్కొన్న వైద్యులవే ఎక్కువగా ఉన్నట్లు 2002లో ప్రచురితమైన ఆ పరిశీలనలో వెల్లడైంది. పొరపాటు జరిగిన తరువాత దాచకుండా చెప్పినా ఫలితం ఉంటుందనడానికి మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రుల అనుభవం ఉదాహరణ. తప్పు జరిగితే ఒప్పుకుని పరిహారం ఇవ్వజూపే విధానాన్ని ఆ సంస్థ 2001లో మొదలుపెట్టింది. లక్ష సందర్శనలకు నెలకు 2.13గా ఉన్న కోర్టు కేసులు 0.75కు తగ్గినట్లు 2010లో ప్రచురించిన లెక్కలు తెలిపాయి.

ముందుగా ముప్పు చెబితే కేసులు కచ్చితంగా ఇంత శాతం తగ్గుతాయని లెక్క కట్టడం కష్టమే. వేర్వేరు కారణాలు కలగలిసి ఉంటాయి. కానీ చెప్పని వైద్యుడు రెండు విధాలా నష్టపోతాడన్నది మాత్రం స్పష్టం. చికిత్సలో లోపం లేకపోయినా చెప్పని నేరం మెడకు చుట్టుకుంటుంది. అన్నీ చెప్పిన తరువాత కూడా వివాదం వస్తే చెప్పినట్లు రాసిన వాక్యమే అతనికి అండగా నిలుస్తుంది. ‘ముప్పు చెబితే రోగి పక్క ఆసుపత్రికి వెళ్లిపోతాడు’ అన్న భయం కొందరిది. వెళ్లిపోయిన రోగి వల్ల పోయేది ఒక ఫీజు. చెప్పకుండా ఉంచుకున్న రోగి వల్ల పోయేది కొన్నిసార్లు పేరు ప్రతిష్ఠలు కూడా.

గర్భసంచి తొలగింపులో మరీ అవసరం

ఈ విషయం రెండు తెలుగు రాష్ట్రాల మహిళలకు మరింత దగ్గరిది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తొలగించుకున్నవారు దేశవ్యాప్తంగా 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. తెల్లబట్ట, నడుమునొప్పి వంటి సమస్యలతో వెళ్లిన పల్లె మహిళలకు ‘తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది’ అని చెప్పి ఒప్పించిన ఉదంతాలు ఎన్నోసార్లు వార్తలకెక్కాయి.

ఇక్కడ లోపం ఆపరేషన్ బల్లపై కంటే ముందుమాటలోనే ఎక్కువ. మందులతో తగ్గే అవకాశం ఉందని, హార్మోన్ విడుదల చేసే సాధనం అమర్చే పద్ధతి ఉందని, కొంతకాలం వేచి చూడవచ్చని చెబితే ఎందరో మహిళలు మరో నిర్ణయం తీసుకుని ఉండేవారు. అండాశయాలు కూడా తొలగిస్తే ముట్లుడిగిన స్థితి ఒక్కసారిగా వచ్చిపడుతుందని, ఎముకలు త్వరగా బలహీనపడతాయని తెలియక, ముప్పై ఏళ్లకే పొలం పనికి దూరమైనవారి బాధ ఏ కేసు రికార్డుల్లోనూ కనిపించదు. అనవసర తొలగింపులను అరికట్టేందుకు కేంద్రం 2022లో మార్గదర్శకాలు రూపొందించింది. మూడు నెలల్లో వాటిని అమల్లోకి తేవాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న రాష్ట్రాలను ఆదేశించింది.

ఎవరికి చెప్పాలి? ఎవరు సంతకం చేయాలి?

‘పేషెంటుకు చెప్పకండి, ఏదైనా ఉంటే మాకు చెప్పండి’ అని బంధువులే వైద్యుడిని బతిమాలడం మన ఇళ్లలో పరిపాటి. ఆ ప్రేమను తప్పుపట్టలేం. కానీ స్పృహలో ఉండి, మంచిచెడ్డలు గ్రహించగల వయోజనుడి శరీరంపై నిర్ణయం అతనిదే. బంధువులు పక్కన కూర్చుని వినవచ్చు, ధైర్యం చెప్పవచ్చు. సాక్షిగా సంతకం చేయవచ్చు. రోగి బదులు నిర్ణయించరాదు. మైనర్ల విషయంలో తల్లిదండ్రులు లేదా సంరక్షకుల అంగీకారం అవసరం. సంతాన సామర్థ్యం పోయే అవకాశం ఉన్న ఆపరేషన్లకు భార్యాభర్తలిద్దరి అంగీకారం ఉండాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది.

రోడ్డు ప్రమాదంలో స్పృహ కోల్పోయిన వ్యక్తి వంటి అత్యవసర సందర్భాలు వేరు. అంగీకారం తీసుకునే వీలు లేనప్పుడు ప్రాణం కాపాడేందుకు సదుద్దేశంతో చేసే చికిత్సకు భారతీయ న్యాయ సంహిత రక్షణ కల్పిస్తోంది. సంతకం కోసం ఎదురుచూస్తూ ప్రాణం పోగొట్టడం చట్టం ఉద్దేశం కాదు.

మరో అపోహ కూడా తొలగాలి. అంగీకార పత్రంపై సంతకం చేస్తే ఇక ఏం జరిగినా అడిగే హక్కు ఉండదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రోగి ఒప్పుకునేది శస్త్రచికిత్సలో సహజంగా ఉండే ముప్పుకే. నిర్లక్ష్యానికి కాదు. కడుపులో గుడ్డ మరచిపోవడానికి, కుడి కాలికి బదులు ఎడమ కాలికి కోత పెట్టడానికి ఎవరి సంతకమూ అనుమతి కాజాలదు. అదే సమయంలో ఫలితం రాలేదన్న ఒక్క కారణంతో వైద్యుడు నేరస్థుడైపోడు. తీవ్రమైన నిర్లక్ష్యం ఉన్నప్పుడే క్రిమినల్ కేసు నిలుస్తుందని సుప్రీంకోర్టు 2005లో స్పష్టం చేసింది.

వివాదం వస్తే..

చికిత్స రికార్డుల నకళ్లు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నియమావళి నిర్దేశిస్తోంది. ఆసుపత్రి ముందు గొడవకు దిగడం కంటే ముందుగా రాతపూర్వకంగా రికార్డులు కోరడం మేలు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందరికీ పూర్తి ఉచితంగా సేవలందించే ఆసుపత్రులకు అది వర్తించదు. ప్రస్తుతం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అమల్లో ఉంది. చెల్లించిన మొత్తం రూ.50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఆసుపత్రి ఎక్కడ ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేసే వీలుంది. చెల్లించిన మొత్తం రూ.5 లక్షలు దాటకపోతే ఫిర్యాదు రుసుము లేదు. రెండేళ్ల గడువు దాటకుండా చూసుకోవాలి.

సంతకానికి ముందు అడగవలసినవి

* జబ్బు పేరేమిటి? ఈ ఆపరేషన్‌తో పూర్తిగా నయమవుతుందా, కొంతవరకేనా?
* మందులతోగానీ, మరో పద్ధతిలోగానీ తగ్గే అవకాశం ఉందా?
* ఇప్పుడు చేయించుకోకపోతే ఏమవుతుంది? ఎంతకాలం ఆగవచ్చు?
* ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బందులేమిటి? అరుదైనా ప్రమాదకరమైనవి ఏవి?
* లోపల వేరే సమస్య కనిపిస్తే ఏం చేస్తారు? ఏ అవయవమైనా తొలగించవలసి వస్తుందా?
* మత్తు ఇచ్చే వైద్యుడు ఎవరు? మధుమేహం, రక్తపోటు, ఆస్తమా సంగతి ఆయనకు తెలుసా?
* ఆపరేషన్ ఎవరు చేస్తారు? పరిస్థితి విషమిస్తే ఐసీయూ ఇక్కడే ఉందా, మరోచోటికి పంపుతారా?
* తిరిగి పనికి వెళ్లడానికి ఎన్నాళ్లు పడుతుంది?

పత్రం తెలుగులో లేకపోతే చదివి వినిపించమని కోరవచ్చు. ఖాళీలు ఉన్న కాగితంపై సంతకం చేయరాదు. వైద్యులు సైతం చెప్పినదంతా విన్న తరువాత ‘ఇప్పుడు మీకేం అర్థమైందో ఒకసారి చెప్పండి’ అని రోగినే అడిగితే అపార్థాలు అక్కడికక్కడే బయటపడతాయి. ఆందోళనలో ఉన్న మనిషికి విన్నది సగం కూడా గుర్తుండదు. అందుకే వీలైన ఆపరేషన్లకు ఒకటి రెండు రోజుల ముందే, పగటిపూట, కుటుంబ సభ్యుల సమక్షంలో మాట్లాడడం ఉత్తమం. అడిగిన ప్రశ్నలు, ఇచ్చిన జవాబులు కేస్ షీటులో రెండు వాక్యాల్లో రాసిపెడితే ఇరుపక్షాలకూ మంచిది.

ఇదంతా జరగడానికి పట్టేది పదిహేను నిమిషాలు. నిమ్స్ ఉదంతంలో శస్త్రచికిత్స నుంచి తుది తీర్పు దాకా పట్టింది పద్దెనిమిదేళ్లకు పైగా. రద్దీ ఎక్కువ, తీరిక లేదనే వైద్యుడైనా, అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడే రోగి అయినా ఈ రెంటినీ బేరీజు వేసుకోవాలి. రాత్రి పదింటికి మంచం పక్కకు వచ్చే కాగితానికి ముందే, పగలు డాక్టరు గారి నోటి నుంచి నాలుగు మాటలు రావాలి.